దిగులు మందు తిన్న పండు ఈగలు జతకడతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం, జయపురం కాలేజీల్లో జువాలజీ చదివే తెలుగు పిల్లల కోసం, వాళ్ళ చేత ప్రాజెక్టులు చేయించే మాస్టార్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. క్లాసులో ఇంగ్లీషు, బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు అయిన చోట ప్రయోగం వివరాలు సొంత భాషలో దొరకడం కష్టం. అందుకే కొలతలతో సహా ఇక్కడ పెట్టాం. ఈ ప్రయోగంలో ఈగ జతకట్టలేదని రాసుకోవడం సులువు. ఎందుకు కట్టలేదో తేల్చడమే అసలు పని. కింద ఎక్కువ చోటు దానికే ఇచ్చాం.

ఈగకు దిగులు ఉంటుందా? లేకపోతే దిగులు మందు (డిప్రెషన్‌కు వాడేది) దానికెందుకు పెట్టడం?

ఈ ప్రయోగానికి ఈగ దిగులు పడుతుందని నమ్మాల్సిన అవసరం లేదు. మందు పట్టుకునే చోటు ఈగ మెదడులోనూ ఉంటే చాలు, అది ఉంది. నాడీకణం విడిచిన సెరటోనిన్‌ను మళ్ళీ లోపలికి లాగే ప్రొటీన్‌ను సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ అంటారు. ఫ్లూక్సెటిన్, సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు దాన్ని అడ్డుకుంటాయి. దాంతో సెరటోనిన్ కణాల మధ్య ఎక్కువసేపు నిలుస్తుంది. మన పండు ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌లో ఇదే పని చేసే జన్యువును 1994లో వేరుచేశారు, దాని పేరు డీసెర్ట్. ఆ సెరటోనిన్‌ను అందుకునే గ్రాహకాలు ఈగలో ఐదు: 1ఎ, 1బి, 2ఎ, 2బి, 7.

ఇంకా గట్టి ఆధారం కూడా ఉంది. నార్ట్రిప్టిలిన్ అనే పాతకాలపు దిగులు మందు ట్రాన్స్‌పోర్టర్‌లో ఎక్కడ కూర్చుంటుందో 2013లో అరవింద్ పెన్మత్స, కెవిన్ వాంగ్, ఎరిక్ గువో ఎక్స్-రే పద్ధతిలో చూపించారు. వాళ్ళు వాడింది డ్రోసోఫిలా డోపమైన్ ట్రాన్స్‌పోర్టరే. డోపమైన్ అనే మరో నాడీ రసాయనాన్ని లాగే ఈ ప్రొటీన్ సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్‌కు దగ్గరి చుట్టం.

జతకట్టడానికీ సెరటోనిన్‌కూ నేరుగా సంబంధం ఉందా అంటే, ఉంది. మగ ఈగ పొట్ట భాగపు నాడీముడిలోని కొన్ని సెరటోనిన్ కణాలు దాని జననాంగాల దాకా తీగలు పంపుతాయి. ఫ్రూట్‌లెస్ జన్యువు దెబ్బతిన్న కొన్ని మగ ఈగల్లో ఆ తీగలు సరిగా ఉండవు. వాటి సంపర్కం విపరీతంగా సాగుతుంది, పిల్లలు పుట్టవు. 2001లో జెఫ్రీ హాల్ బృందం దీన్ని రాసింది. ఆ ఫ్రూట్‌లెస్ ఉత్పరివర్తనాన్ని మొదట 1963లో ప్రకటించిన శాస్త్రవేత్త కుల్బీర్ గిల్ అని మన పిల్లలు తెలుసుకోవాలి.

ఒక్క ముక్కలో చెప్పండి: మందు తింటే జతకట్టడం తగ్గుతుందా?

తగ్గవచ్చు. అయితే ఆ తగ్గుదల కోరిక తగ్గడం వల్లే అని ఒక్క ముక్కలో చెప్పలేం.

2022లో డేవిడ్ క్రాంట్జ్ బృందం డీసెర్ట్ జన్యువును పనిచేయకుండా చేసిన ఈగల్ని పరిశీలించింది. అవి ఎక్కువ నిద్రపోయాయి, తక్కువ తిన్నాయి, సంపర్కంలోనూ వెనకబడ్డాయి. మామూలు ఈగలకు సిటలోప్రామ్ తినిపిస్తే నిద్రలో అలాంటి మార్పే వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి: ఆ మగ ఈగల్లో జతకట్టాలన్న తహతహ కూడా నిద్రను గెలవలేకపోయింది. అంటే మందు తిన్న మగ ఈగ ఆడదాని వైపు చూడకపోతే, అది నిద్రమత్తులో ఉండి ఉండవచ్చు.

అలాగని సెరటోనిన్ పెరగడమే చెడు అనుకోకండి. పైన చెప్పిన ఐదింటిలో 7 అనే గ్రాహకాన్ని అడ్డుకుంటే ప్రణయ ప్రవర్తన, సంపర్కం దెబ్బతింటాయని 2011లో తేలింది. సంకేతం అందకపోయినా చిక్కే, వదలకుండా నిలిచిపోయినా చిక్కే. కాబట్టి ఒక్క మోతాదుతో ప్రయోగం చేసి తీర్పు చెప్పొద్దు.

మగ ఈగ వెంటపడటంలో ఏయే దశలు చూడాలి?

మొదట ఆడదాని వైపు తిరిగి నిలబడుతుంది. వెంట నడుస్తుంది. ముందుకాలితో దాని పొట్టను తడుతుంది, ఇది రుచి చూడటమే. తర్వాత ఒక రెక్కను పక్కకు చాచి కంపింపజేస్తుంది. అదే దాని పాట. ఈ జాతి పాటలో ఒక్కో చప్పుడుకీ మధ్య సుమారు 35 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. ఆపైన వెనక భాగాన్ని నాకుతుంది, పొట్ట వంచి ఎక్కడానికి ప్రయత్నిస్తుంది. ఆడది ఒప్పుకుంటే వేగం తగ్గించి జననాంగపు పలకలు తెరుస్తుంది. ఒప్పుకోకపోతే తంతుంది, పారిపోతుంది. అప్పటికే జతకట్టినదైతే గుడ్లుపెట్టే గొట్టాన్ని బయటికి చాస్తుంది.

సంపర్కం సుమారు 15–20 నిమిషాలు. వీర్యం చేరడం మొదటి సగంలోనే అయిపోతుంది. కాబట్టి సంపర్కం కొంచెం ముందుగా ముగిసిందని సంతానం తగ్గుతుందని అనుకోకూడదు. అది విడిగా లెక్కపెట్టాలి.

సంతలో పనసతొన మీద, కల్లుకుండ మీద వాలే ఈగల్ని పట్టుకుంటే సరిపోదా?

పట్టుకోండి, చూడండి, జాతులు గుర్తుపట్టడం నేర్చుకోండి. ఈ ప్రయోగానికి మాత్రం వాటిని వాడొద్దు. మన వైపు ఒకే అరటితొక్క మీద మూడు నాలుగు జాతులు వాలతాయి. మెలనోగాస్టర్ మగదానికి పొట్ట చివర నల్లగా ఉంటుంది, ముందుకాలి మొదటి కణుపు మీద ఒకే వరుస దువ్వెన ఉంటుంది. డ్రోసోఫిలా అననాసే అనే ఇంకో జాతి మగదానికి ఆ నలుపు ఉండదు, దువ్వెన వరుసలు ఎక్కువ. తల నుంచి వీపు పొడవునా తెల్లచారలు ఉంటే అది జాప్రియోనస్ ఇండియానస్, అసలు డ్రోసోఫిలాయే కాదు. ఆడవాటిని విడదీయడం ఇంకా కష్టం. వేరే జాతి ఆడదాన్ని పెట్టి "మందు వల్ల జతకట్టలేదు" అని రాస్తే ప్రయోగం మొత్తం వృథా. మామిడితోటల్లో మిథైల్ యూజినాల్ బుట్టల్లో పడేవి బాక్ట్రోసెరా ఈగలు, వాటికీ ఈ పనికీ సంబంధం లేదు.

ఇంకో కారణం మన జిల్లాల్లో ముఖ్యం. మలేరియా కోసం ఇళ్ళ గోడలకు మందు కొట్టే ఊళ్ళలో బతికే ఈగలు పురుగుమందును తట్టుకునేవి అయి ఉండవచ్చు. విషాలను విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఉన్న ఈగ, మీరు పెట్టే మందును కూడా వేరేలా అరిగించుకోవచ్చు.

మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది. కాలేజీ లెటర్‌హెడ్ మీద మాస్టారి చేత రాయించి కాంటన్-ఎస్ గానీ ఒరెగాన్-ఆర్ గానీ అడగండి. రెండూ ల్యాబుల్లో మామూలుగా వాడే ఎర్రకళ్ళ రకాలే. తెల్లకళ్ళ రకం మాత్రం వద్దు. వైట్ జన్యువు లేని మగ ఈగలు మందు లేకుండానే జతకట్టడంలో వెనకబడతాయి.

మేత ఎలా వండాలి?

మొక్కజొన్నపిండి మేతకన్నా మైసూరు పద్ధతి రవ్వ-బెల్లం మేత మనకు వీలు. లీటరు నీటికి గోధుమరవ్వ 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, అగర్ 10 గ్రాములు, ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మి.లీ. నీళ్ళలో బెల్లం కరిగించి వడగట్టండి, ఇసుక, పీచు పోతాయి. అగర్ వేసి మరిగించి, రవ్వ ఉండకట్టకుండా కలుపుతూ చిక్కబడే దాకా ఉడికించండి. 60 డిగ్రీల కిందికి దిగాక ఆమ్లం కలపండి. మరుగుతుండగా వేస్తే ఆవిరై పోతుంది, నాలుగో రోజుకే బూజు వస్తుంది.

బెల్లం నల్లదే కొనండి. హైడ్రోస్ వేసి తెల్లబరచిన బెల్లంలో ఏం మిగిలి ఉంటుందో తెలియదు. ప్రయోగం మొత్తానికి ఒకే దిమ్మ వాడండి.

ఈగల్ని పెంచే సీసాల్లో పైన ఈస్ట్ చల్లవచ్చు. మందు సీసాల్లో చల్లొద్దు. ఈగలు ఈస్ట్ తిని మేత వదిలేస్తాయి, మందు కడుపులోకి పోదు. ఈస్ట్ కావాలంటే వండేటప్పుడే అన్ని గుంపుల మేతలోనూ సమానంగా కలపండి.

మందుల షాపులో ఫ్లూక్సెటిన్ క్యాప్సూల్ కొని పొడి కలపొచ్చా?

వద్దు. అది షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. ప్రయోగం కోసం ఎవరి చీటీయో వాడటం తప్పు. పైగా క్యాప్సూల్‌లో పిండి, ఇతర పొడులు ఉంటాయి, కంట్రోల్ మేతలో (పోల్చడానికి పెట్టుకునే, మందు లేని మేతలో) అవి ఉండవు. కాలేజీ ద్వారా రసాయనాల కంపెనీ నుంచి ఫ్లూక్సెటిన్ హైడ్రోక్లోరైడ్ స్వచ్ఛమైన పొడి తెప్పించండి. 100 మి.గ్రా. సీసా డిగ్రీ ప్రాజెక్టుకు సరిపోతుంది.

ఎంత కలపాలి?

ఫ్లూక్సెటిన్ హైడ్రోక్లోరైడ్ అణుభారం 345.8. 41.5 మి.గ్రా. తూచి 12 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్ స్టాక్ (పలచబరచి వాడుకునే చిక్కటి ద్రావణం) వస్తుంది. సీసాకు అల్యూమినియం రేకు చుట్టి 4 డిగ్రీల దగ్గర పెట్టండి, వారంలో వాడేయండి.

చాలామంది తడబడేది ఇక్కడే. స్టాక్ ఎక్కువ పోసిన మేత పలచబడుతుంది. కంట్రోల్ మేత గట్టిగా, మందు మేత జావలా ఉంటే ఈగలు తినే తీరే మారిపోతుంది. కాబట్టి ప్రతి గుంపుకూ 90 మి.లీ. మేత కొలిచి, పైన కలిపే ద్రవం మొత్తం సరిగ్గా 10 మి.లీ. ఉండేలా చూడండి:

కంట్రోల్: స్టాక్ లేదు, నీళ్ళు 10 మి.లీ.
10 మైక్రోమోలార్: స్టాక్ 0.1, నీళ్ళు 9.9
100 మైక్రోమోలార్: స్టాక్ 1, నీళ్ళు 9
1 మిల్లీమోలార్: స్టాక్ 10, నీళ్ళు లేవు

మేత 50–55 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కలిపి, వెంటనే సీసాల్లో పోయండి. ఆలస్యమైతే అగర్ గడ్డకట్టి మందు ఒకచోటే పేరుకుంటుంది.

ఈ మోతాదులు మనిషి మోతాదుకు దరిదాపుల్లో ఉండవు. ఈగ రోజుకు 1–2 మైక్రోలీటర్ల ద్రవాహారం తీసుకుంటుంది. 1.5 మైక్రోలీటర్లు, 1 మిల్లీమోలార్ అనుకుంటే సుమారు 0.46 మైక్రోగ్రాముల మందు. మగ ఈగ బరువు ముప్పావు మిల్లీగ్రాము. కిలో లెక్కన 600 మి.గ్రా. దాటుతుంది. 60 కిలోల మనిషికి 20 మి.గ్రా. అంటే కిలోకు 0.33. తిన్నదంతా ఒంటబట్టదనుకున్నా తేడా వెయ్యి రెట్లకు పైమాటే. అంత మోతాదులో ఫ్లూక్సెటిన్ ట్రాన్స్‌పోర్టర్‌ను దాటిపోయి, నాడుల్లోని అయాన్ చానళ్ళను కూడా నేరుగా అడ్డుకోగలదు. అందుకే 1 మిల్లీమోలార్‌లో మాత్రమే కనిపించి, 100 మైక్రోమోలార్‌లో జాడలేని ప్రభావాన్ని "సెరటోనిన్ వల్ల" అని రాయొద్దు.

ఈగలు మందు మేత నిజంగా తిన్నాయని ఎలా తెలుస్తుంది?

ప్రతి మోతాదులోనూ విడిగా కొంత మేత తీసి, 100 మి.లీ.కి అర గ్రాము చొప్పున బ్రిలియంట్ బ్లూ రంగు కలపండి. ప్రయోగపు ఈగల్ని కాకుండా వేరే పది ఈగల్ని ఒక గంట తిననివ్వండి. పొట్టలు నీలంగా కనబడాలి. అంకె కావాలంటే పది ఈగల్ని 1 మి.లీ. నీటిలో నూరి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేటను కలరీమీటర్‌లో 630 నానోమీటర్ల దగ్గర చూడండి. మందు మేత తిన్నవాటి రీడింగ్ కంట్రోల్ కన్నా బాగా తక్కువుంటే, మీరు కొలుస్తున్నది మందుతో పాటు ఆకలిని కూడా. అప్పుడు మోతాదు తగ్గించండి.

వర్జిన్ (ఇంకా జతకట్టని) ఆడ ఈగల్ని విడదీయడంలో తప్పులు ఎక్కడ జరుగుతాయి?

ప్యూపా నుంచి వచ్చాక 25 డిగ్రీల దగ్గర సుమారు 8 గంటల దాకా ఆడది జతకట్టదు. ఈ గడువు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 18 డిగ్రీల దగ్గర 16 గంటల దాకా సాగుతుంది, గది వేడెక్కితే తగ్గిపోతుంది. మే నెలలో గుణుపురంలో కూలర్ లేని గదిలో 8 గంటల సూత్రం నమ్ముకోకండి, ఐదారు గంటలకోసారి ఏరండి.

పొద్దున్నే సీసాలోని పెద్ద ఈగలన్నిటినీ తీసేయండి. తర్వాత పుట్టినవాటిలో లేతరంగు ఒళ్ళు, పొట్టలోంచి కనబడే నల్లచుక్క ఉన్న ఆడవాటిని ఏరి, సీసాకు పదేసి పెట్టండి. మూడు నాలుగు రోజుల తర్వాత ఆ సీసాలో లార్వాలు కనబడితే ఒక్కటైనా వర్జిన్ కాదన్నమాట. సీసా మొత్తం పారేయండి. వర్జిన్లు పెట్టే గుడ్లు పొదగవు, కాబట్టి గుడ్లు చూసి కంగారుపడొద్దు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒకసారి జతకట్టిన ఆడదాని ఒంట్లోకి వీర్యంతో పాటు సెక్స్ పెప్టైడ్ అనే పదార్థం చేరుతుంది. దాంతో అది దాదాపు వారం రోజులు మగవాటిని దగ్గరకు రానివ్వదు. అలాంటి ఆడది ఒక్కటి కలిసినా ఆ మగదాని ఫలితం తప్పు. అంతేకాదు, జతకట్టిన ఆడదానితో గంటసేపు తిరస్కారం ఎదుర్కొన్న మగది, తర్వాత వర్జిన్‌ను పెట్టినా ఉత్సాహం చూపదు. 1979 నుంచీ తెలిసిన విషయం ఇది.

మగ ఈగల సంగతి?

పుట్టిన రోజే ఒక్కొక్కటిగా విడదీయండి. మందులషాపుల్లో దొరికే చిన్న హోమియోపతి గాజుసీసాలు కడిగి ఆరబెట్టి, 2 మి.లీ. మేత పోసి, దూది బిరడా పెడితే చాలు. ఐదు రోజులు మందు మేత మీద ఉంచి, మధ్యలో ఒకసారి తాజా మేతకు మార్చండి. నలభై సీసాలకు 80 మి.లీ. పోతుంది కాబట్టి పైన చెప్పిన 100 మి.లీ. ఒక విడతకు సరిపోతుంది, రెండో విడత మళ్ళీ వండాలి. గుంపుగా పెంచిన మగవాటిలో ప్రణయం మందగిస్తుంది. కంట్రోల్ గుంపుగానూ మందువి విడిగానూ పెంచితే, ఫలితం మందుదో ఒంటరితనానిదో చెప్పలేరు.

ఈథర్ ఇచ్చిన ఈగల్ని ఆ రోజు పరీక్షించొద్దు, కనీసం 24 గంటలు ఆగండి. పరీక్ష రోజు నోటితో పీల్చే గొట్టంతోనే ఎత్తండి. పావు అంగుళం ప్లాస్టిక్ గొట్టం చివర పలుచటి గాజుగుడ్డ, దాని మీద కొన కత్తిరించిన పైపెట్ టిప్ బిగిస్తే అదే తయారు.

మా దగ్గర ఇంక్యుబేటర్ లేదు. ఎండాకాలం చేయొచ్చా?

కష్టమే. 30 డిగ్రీలకు చేరితే మగ ఈగలు వంధ్యత్వానికి గురవుతాయి, సంతానం లెక్కలు పనికిరావు. థర్మోకోల్ పెట్టెలో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు మార్చుకుంటూ 24–26 మధ్య నిలపవచ్చు, కానీ కరెంటు పోతే రాత్రంతా కాపలా ఉండాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పర్లాకిమిడి, గుణుపురం, బరంపురాల్లో హాయిగా జరుగుతుంది. కొరాపుట్, జయపురం వైపు ఆ నెలల్లో చలి ఎక్కువ, పెట్టెలో చిన్న బల్బు పెట్టుకోవాలి. 18 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి 19–20 రోజులు, 25 దగ్గర 10 రోజులు.

దోమలచక్రం, లిక్విడ్ రీఫిల్, అగరుబత్తి ఆ గదిలో వెలిగించకూడదు. మలేరియా మందు గోడలకు కొట్టిన గదిలో ఈగల్ని పెంచొద్దు. రాత్రికి రాత్రే చనిపోతే చాలావరకు కారణం ఇదే.

పరీక్ష గూళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

కొనక్కర్లేదు. ఫ్లెక్సీ, సైన్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర 3 మి.మీ. యాక్రిలిక్ రేకుకు 15 మి.మీ. వ్యాసం గుండ్రటి రంధ్రాలు లేజర్‌తో కోయించండి. కింద తెల్లటి రేకు, పైన పారదర్శకమైన జరుగుడు మూత. గూడు లోతు 3–4 మి.మీ. మించితే ఈగలు ఎగురుతాయి, వీడియోలో మసకగా కనిపిస్తాయి. వాడిన ప్రతిసారీ 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే ముందు ఈగల వాసన తర్వాతవాటిని ఏమారుస్తుంది. ఆల్కహాల్ యాక్రిలిక్‌ను మెల్లగా పగుళ్ళిస్తుంది కాబట్టి నానబెట్టొద్దు.

పరీక్ష ఎలా నడపాలి, ఏం రాసుకోవాలి?

లైట్లు వేసిన మొదటి రెండు మూడు గంటల్లో చేయండి. మధ్యాహ్నం ఈగలు కునుకు తీస్తాయి. నాలుగైదు రోజుల వయసు వర్జిన్‌ను, మందు తినని దాన్ని, ముందుగా గూట్లో వదిలి, తర్వాత మగదాన్ని వదలండి. ఫోను స్టాండుకు బిగించి గంటసేపు వీడియో తీయండి. ఒక ఫ్రేములో పది జతలు పడతాయి. ప్రతి ఫ్రేములోనూ అన్ని గుంపులవీ కలిసి ఉండాలి. కంట్రోల్‌ను సోమవారం, మందువాటిని మంగళవారం చేస్తే మీరు పోల్చేది రోజుల్ని. సీసాల మీద మోతాదు రాయకుండా స్నేహితుల చేత గుర్తులు వేయించండి. ఏది మందు తిన్నదో తెలిసిన కన్ను తనకు కావలసిందే చూస్తుంది.

రాసుకోవలసినవి: మొదటి రెక్క చాపు ఎన్నో సెకనులో, సంపర్కం ఎన్నో సెకనులో మొదలైంది, ఎంతసేపు సాగింది, గంటలో జతకట్టిందా లేదా. కోర్ట్‌షిప్ ఇండెక్స్‌కు (మగది వెంటపడిన సమయం మొత్తంలో ఎంత వంతో చెప్పే అంకె) మొదటి 10 నిమిషాలు తీసుకోండి. 600 సెకన్లలో మగది 420 సెకన్లు వెంటపడితే 0.70. సంపర్కం 200వ సెకనులో మొదలై, అప్పటికి 150 సెకన్లు వెంటపడి ఉంటే 150ని 200తో భాగించాలి, 600తో కాదు. ఈ పొరపాటు వల్ల త్వరగా గెలిచిన మగదే సోమరిలా కనిపిస్తుంది.

కంట్రోల్ గుంపులో 70 శాతం కూడా జతకట్టకపోతే ఆ రోజు లెక్కలు పక్కన పెట్టండి. తేమ, వయసు, వర్జిన్లు, గూడు శుభ్రత వరసగా తనిఖీ చేయండి.

ఎన్ని జతలు కావాలి?

80 శాతం 50కి పడిపోవడం లాంటి పెద్ద తేడా పట్టుకోవడానికే గుంపుకు దాదాపు 40 జతలు కావాలి. పదేసి జతలతో చేసి "తేడా లేదు" అని తేల్చడం న్యాయం కాదు. జతకట్టినవీ కట్టనివీ పోల్చడానికి ఫిషర్ పరీక్ష, కోర్ట్‌షిప్ ఇండెక్స్‌కు మన్-విట్నీ. సంపర్కానికి పట్టిన సమయం దగ్గర జాగ్రత్త: గంటలో జతకట్టని ఈగలకు "3600 సెకన్లు" అని వేసి సగటు తీయకండి, కప్లాన్-మైయర్ గీత (ఏ సమయానికి ఇంకా ఎన్ని జతకట్టలేదో చూపేది) గీసి, గుంపుల గీతల్ని పోల్చే లాగ్-ర్యాంక్ పరీక్ష చేయండి. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఉచితం. మూడు మోతాదుల్ని కంట్రోల్‌తో పోలిస్తే మూడు పరీక్షలవుతాయి, దానికి బాన్‌ఫెరోనీ సవరణ చేయాలి, అంటే 0.05 హద్దును మూడుతో భాగించాలి.

సరే, మందు తిన్న మగ ఈగలు జతకట్టలేదు. ఇప్పుడేం చేయాలి?

ఇక్కడి నుంచే అసలు ప్రయోగం. వరసగా ఇవి తోసిపుచ్చుకుంటూ రండి.

కాళ్ళలో సత్తువ లేదా? పది ఈగల్ని గొట్టంలో వేసి కిందికి తట్టి, 10 సెకన్లలో 8 సెం.మీ. గీత దాటినవెన్నో లెక్కపెట్టండి. మందువి ఇక్కడే వెనకబడితే అది జబ్బు, ప్రణయం సంగతి తర్వాత.

నిద్రా? వీడియోలో 5 నిమిషాలు కదలకుండా ఉన్న ఈగను నిద్రపోతున్నట్టే లెక్కవేస్తారు. మెలకువగా ఉన్న సమయంలో మాత్రమే కోర్ట్‌షిప్ ఇండెక్స్ మళ్ళీ లెక్కకట్టండి. అప్పుడు తేడా మాయమైతే, మందు తగ్గించింది మెలకువనే. 2022 ఫలితం చూశాక ఈ లెక్క లేని ప్రాజెక్టును మేం నమ్మలేం.

ఆకలా? నీలిరంగు పరీక్ష చెబుతుంది.

ఆడది తిరస్కరించిందా? మందు తిన్న మగదాని పాట, వేగం మారితే ఆడది ఒప్పుకోకపోవచ్చు. దీన్ని విడదీయడానికి పాత ఉపాయం ఉంది. తల తీసిన వర్జిన్ ఆడ ఈగ కొన్ని గంటలు నిలబడే ఉంటుంది. మగది దాని చుట్టూ తిరిగి పాడుతుంది, కానీ ఆడదాని ఇష్టాయిష్టాలు ఇందులో ఉండవు. ఇక్కడ కోర్ట్‌షిప్ మామూలుగా ఉండి, బతికున్న ఆడదానితో మాత్రం సంపర్కం తగ్గితే, లోపం మగదాని కోరికలో కాదు.

ఇవన్నీ దాటాక కూడా తేడా నిలిస్తే, మందు సెరటోనిన్ ద్వారానే పనిచేసిందా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి తిరుగులేని పరీక్ష డీసెర్ట్ లేని ఈగలకు అదే మందు పెట్టడం. పట్టుకునే చోటే లేనప్పుడు మందు ఇంకేమీ మార్చకూడదు. మార్చిందంటే అది వేరే దారిలో పనిచేస్తోంది. ఈ రకాలు డిగ్రీ కాలేజీకి దొరకడం కష్టం. బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఫ్లై ఫెసిలిటీ లాంటి చోట పనిచేసేవాళ్ళతో కలిసి చేయాలి. అప్పటిదాకా 5-హెచ్‌టీపీ తినిపించిన గుంపును పక్కన పెట్టుకోండి. అది ఒంట్లో సెరటోనిన్‌గా మారుతుంది కాబట్టి, మందు చూపిన మార్పే అదీ చూపుతుందేమో గమనించవచ్చు.

ఆడ ఈగలకు మందు పెడితే?

చేయదగిన ప్రయోగమే, చాలామంది వదిలేస్తారు. మగది మామూలుది, ఆడది మందు తిన్నది. సంపర్కానికి పట్టిన సమయంతో పాటు తన్నడం, పారిపోవడం, పలకలు తెరవడం లెక్కపెట్టండి. జతకట్టాక ఆడదాన్ని ఒంటరిగా పెట్టి రోజూ గుడ్లు, ఆపైన పుట్టిన ఈగలు లెక్కించండి. ఇద్దరికీ ఒకేసారి మందు పెట్టడం మాత్రం చివర్లో. ముందే చేస్తే ఎవరి వల్ల ఏం జరిగిందో విడదీయలేరు.

వేరే దిగులు మందులు వాడొచ్చా?

సిటలోప్రామ్ మంచి ఎంపిక. నార్ట్రిప్టిలిన్, డెసిప్రమిన్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. మనిషిలో అవి ముఖ్యంగా నార్‌ఎపినెఫ్రిన్ ట్రాన్స్‌పోర్టర్‌ను పట్టుకుంటాయి. ఈగలో నార్‌ఎపినెఫ్రిన్ లేదు, ఆ పని ఆక్టోపమైన్ చేస్తుంది. ఈగ డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ మాత్రం మందుల విషయంలో మనిషి నార్‌ఎపినెఫ్రిన్ ట్రాన్స్‌పోర్టర్‌ను పోలి ఉంటుంది. కాబట్టి ఈగకు నార్ట్రిప్టిలిన్ పెట్టినప్పుడు మీరు కదిలించేది డోపమైన్‌ను. డోపమైన్ పెరిగితే ఈగ నిద్ర తగ్గి తిరుగుడు ఎక్కువవుతుంది. సెరటోనిన్ మందుతో వచ్చిన ఫలితం పక్కన దీన్ని పెట్టి పోల్చొద్దు.

పోట్లాటలు ఎక్కువయ్యాయి. మందు వల్లేనా?

అయ్యుండవచ్చు. సెరటోనిన్ పెంచితే మగ ఈగల్లో దూకుడు పెరుగుతుందని 2007లో డీరిక్, గ్రీన్‌స్పాన్ చూపించారు. రెండు మగవాటిని ఒకే గూట్లో వదిలి చేసే పోటీ పరీక్షలో ఇది లెక్కను తారుమారు చేస్తుంది.

మా తమ్ముడు ఈ మాత్రలే వాడుతున్నాడు. ఈగలకు అయినట్టు వాడికీ అవుతుందా?

ఈగ ఫలితం మీ తమ్ముడికి వర్తించదు, మోతాదులే ఎన్నో రెట్లు వేరు. మనుషుల్లో ఈ మందుల వల్ల కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం డాక్టర్లకు ఈగల ప్రయోగాలతో పనిలేకుండా తెలిసిన విషయాలే. అందరికీ రావు. వస్తే మోతాదు మార్చడం, వేరే మందుకు మారడం లాంటి దారులున్నాయి. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పమనండి. తనంతట తాను ఉన్నట్టుండి ఆపేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, ఆందోళన రావచ్చు, పాత జబ్బు తిరగబెట్టవచ్చు. దగ్గర్లో మానసిక వైద్యులు లేని ఊరైతే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా, ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

మిగిలిన మందు మేత ఏం చేయాలి?

సింకులో, కాలువలో, వంశధార గట్టున పారబోయొద్దు. ఈ మందులు నీళ్ళలో అంత తేలిగ్గా నశించవు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే చోట, శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీటిలోనే లీటరుకు 770–840 మైక్రోగ్రాముల సిటలోప్రామ్ ఉన్నట్టు 2007లో ప్రచురించారు. లెక్కకడితే అది 2 మైక్రోమోలార్‌కు పైనే. మీ కనిష్ఠ మోతాదులో నాలుగో వంతు అన్నమాట.

సీసాల్ని ఈగలతో సహా రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. మేతను గరిటెతో తీసి మందపాటి సంచిలో కట్టి, కాలేజీ రసాయన వ్యర్థాలతో పాటు ఇవ్వండి. సీసా మొదటిసారి కడిగిన నీళ్ళు కూడా అందులోకే పోవాలి. రెండోసారి నుంచి సబ్బుతో మామూలుగా కడగవచ్చు. ఆ సీసాలను మళ్ళీ మందు సీసాలుగానే వాడండి, మూత మీద చెరగని గుర్తు పెట్టుకుని, కంట్రోల్ సీసాల్లో కలవకుండా వేరే ట్రేలో ఉంచండి.